పాఠకుల ప్రశ్నలు: వీపున సంచీతో, ఒంటరిగా కాశీకి

ప్రశ్న: నాలుగు రోజులు ఒంటరిగా కాశీ చూడాలనుకుంటున్నాను. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకున్నాను. ఎక్కడ దిగాలి? ఎక్కడ ఉండాలి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ బండి వారణాసి స్టేషన్‌కి వెళ్లదు. మీరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాలి. 2018 దాకా దాని పేరు మొగల్‌సరాయ్. ఆటోవాళ్లు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. అది గంగకు అవతలి వైపు, ఊరికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉంది. షేర్ ఆటోలు దొరుకుతాయి. అయితే గుడికి దగ్గరి కూడలి ‘గోదౌలియా’ అని ఎక్కినా అక్కడిదాకా తీసుకెళ్తారన్న నమ్మకం లేదు. జనం పెరిగితే పోలీసులు బారికేడ్లు పెట్టి బళ్లను ముందే ఆపేస్తారు. అక్కణ్నుంచి నడకే. అందుకే సంచీ 40 లీటర్లు దాటనివ్వకండి. చక్రాల పెట్టె అసలొద్దు, ఘాట్ల మెట్ల మీద అది పనికిరాదు. ఇద్దరు పక్కపక్కన నడవలేని గల్లీలో ఎదురుగా ఎద్దు వస్తే గోడకు ఆనుకుని నిలబడాలి. వీపున పెద్ద మూట ఉంటే అదీ కుదరదు.

మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి గుడి చుట్టుపక్కల గల్లీల్లో కాకుండా కేదార్ ఘాట్‌కీ అస్సీ ఘాట్‌కీ మధ్య బస చూసుకోండి. సోనార్‌పురా, శివాలా రోడ్డు దాకా ఆటోలు వస్తాయి, డార్మిటరీ మంచాలూ దొరుకుతాయి. మనవాళ్ల సత్రాలు ఎక్కువగా ఈ వైపే. మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమం చాలామందికి తెలిసిందే. కానీ ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వని సత్రాలు చాలా ఉన్నాయి. బయల్దేరే ముందే ఫోన్ చేసి ‘ఒక్కణ్నే’ అని చెప్పి అడగండి. స్టేషన్ దగ్గర ఎవరైనా ‘మీ హోటల్ మూసేశారు, ఇంకోటి చూపిస్తా’ అంటే నమ్మకండి. కమీషన్ కోసం చెప్పే మాట అది. వాళ్ల ముందే హోటల్‌కి ఫోన్ చేయండి.

ప్రశ్న: విశ్వనాథుడి దర్శనానికి ఫోన్, సంచీ తీసుకెళ్లనివ్వరట. వెంట ఎవరూ లేనప్పుడు ఎక్కడ పెట్టాలి? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఒంటరిగా వెళ్లేవాళ్లకు కాశీలో అసలు చిక్కు ఇదే. ఫోన్, కెమెరా, స్మార్ట్‌వాచ్, ఛార్జర్, సంచీ ఏవీ లోపలికి రానివ్వరు. పక్కనే జ్ఞానవాపి మసీదు ఉండటంతో తనిఖీ గట్టిగా ఉంటుంది. అన్నీ గదిలో పెట్టి తాళం వేసి, ఆధార్ కార్డు, కొంచెం నగదు మాత్రం జేబులో వేసుకుని వెళ్లడం అన్నిటికన్నా మేలు.

ఫోన్ లేకపోతే యూపీఐ ఉండదు, మ్యాప్ ఉండదు. ఈ సంగతి చాలామందికి గుడి బయటికి వచ్చాకే తెలిసొస్తుంది. పది, యాభై రూపాయల నోట్లు ఉంచుకోండి. బస చిరునామా, దగ్గరి ఘాట్ పేరు, మీరు లోపలికి వెళ్లిన గేటు నంబరు కాగితం మీద రాసుకోండి. గుడికి నాలుగు వైపులా ద్వారాలున్నాయి. 2021 డిసెంబరులో గుడి నుంచి గంగ దాకా కట్టిన కారిడార్ తెరిచాక ఆవరణ చాలా పెద్దదైంది. ఒక గేటులో వెళ్లి ఇంకో గేటులో బయటపడితే చెప్పులు విడిచిన చోటు వెతకడానికే అరగంట పడుతుంది.

గదికి వెళ్లే వీలు లేకపోతే గుడివారి లాకర్లున్నాయి. దారిలో పూజాసామగ్రి దుకాణాలవాళ్లు ‘లాకర్ ఉచితం’ అని పిలుస్తారు. తీరా తాళం వేశాక పూల బుట్ట కొనాల్సిందే అంటారు. బుట్ట ధర ముందే అడిగి, ఒప్పుకున్నాకే ఫోన్ ఇవ్వండి.

ప్రశ్న: ఘాట్లు నడిచి చూడాలా, పడవలోనా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండూ, కానీ వేర్వేరు పూటల్లో. ఘాట్లన్నీ పడమటి ఒడ్డునే ఉన్నాయి, సూర్యుడు ఎదురుగా అవతలి ఇసుక మీంచి లేస్తాడు. కాబట్టి పడవకు తెల్లవారుజామే మంచిది. ఇక్కడ గంగ ఉత్తరానికి పారుతుంది. అస్సీలో ఎక్కి మణికర్ణిక వైపు వెళ్తే తెడ్డు పడవ ప్రవాహంతో పాటు సాగుతుంది. బేరంలో మూడు మాటలు తేల్చుకోండి: రేటు మనిషికా, పడవకా? ఎంతసేపు? దించేది ఎక్కడ? గొడవలన్నీ మొదటి ప్రశ్న అడగకపోవడం వల్లే వస్తాయి. లైఫ్ జాకెట్ వేసుకోండి.

నడకకు మరో రోజు ఉదయం కేటాయించండి. అస్సీ నుంచి దశాశ్వమేధ దాకా ముప్పావు గంట. దాని పక్కనే మాన్‌మందిర్ ఘాట్. అక్కడి భవనం పైన జైసింగ్ మహారాజు కట్టించిన జంతర్ మంతర్ అనే వేధశాల ఉంది. కింద మెట్ల మీద ఇంతమంది తిరుగుతున్నా పైకి ఎక్కేవారు తక్కువ. తప్పకుండా ఎక్కండి. మణికర్ణిక దాటాక సింధియా ఘాట్ దగ్గర రత్నేశ్వర్ మహాదేవ్ ఆలయం పక్కకు ఒరిగిపోయి, గర్భగుడి వరకు ఒండ్రులో కూరుకుని కనిపిస్తుంది.

మణికర్ణికలో ఫోటోలు తీయకండి. అక్కడ మండుతున్నది ఒకరి తండ్రో తల్లో. ‘పైనుంచి బాగా కనబడుతుంది రండి’ అని పిలిచి, చివర్లో పేదల దహనానికి కట్టెల విరాళమంటూ వేలు అడిగేవారుంటారు. చేతులు జోడించి ముందుకు సాగిపోండి.

ప్రశ్న: ఒంటరి ఆడపిల్లను. సాయంత్రం హారతి చూసి తిరిగి రావడం క్షేమమేనా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: హారతి వేళ దశాశ్వమేధలో జనం కిక్కిరిసి ఉంటారు. అక్కడ భయపడాల్సింది తోపులాటకీ జేబుదొంగలకీ. సంచీ ముందుకు తగిలించుకోండి. గంట ముందే వెళ్లి, దక్షిణం వైపు మెట్ల మీద కూర్చోండి. కాగానే అందరూ గోదౌలియా రోడ్డు మీద పడతారు. మీరు అటు వెళ్లకుండా, మిగతా జనంతో పాటు నది వెంటే దక్షిణానికి నడిచి కేదార్ ఘాట్ దగ్గర పైకెక్కితే సోనార్‌పురాలో ఆటో దొరుకుతుంది. ఆలస్యమై ఘాట్లు ఖాళీ అయితే మాత్రం రోడ్డు దారే పట్టండి. గల్లీల్లో ఫోన్‌లోని మ్యాప్ తరచూ తప్పు చూపిస్తుంది. దారి తప్పితే పల్లానికి దిగండి, నది వస్తుంది. ఎవరైనా దారి చూపిస్తానని ముందు నడిస్తే వెంట వెళ్లకండి, దుకాణంలో కూర్చున్నవాళ్లను అడగండి. లస్సీ తాగేచోట భంగు కలపవద్దని స్పష్టంగా చెప్పండి.

ప్రశ్న: మనకు ఆషాఢం కాబట్టి కాశీ ఖాళీగా ఉంటుందా? – ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఉండదు. ఉత్తరాదివారికి నెల పౌర్ణమితో ముగుస్తుంది. మన ఆషాఢ పౌర్ణమి మర్నాటి నుంచే వాళ్లకు శ్రావణం, అంటే మనకన్నా పక్షం ముందు. శ్రావణ సోమవారాల్లో కావడి యాత్రికుల వరస కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. పైగా వరద రోజుల్లో మెట్లు మునిగి ఘాట్ల వెంట నడకదారి తెగిపోతుంది, పడవలు ఆపేస్తారు, హారతి మేడ మీదికి మారుతుంది. డిసెంబరు, జనవరిల్లో పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. కానీ మలైయో అనే పాల నురగ మిఠాయి దొరికేది ఆ చలికాలంలోనే, అదీ ఉదయం పూటే. మీకు కుదిరితే ఫిబ్రవరిలో, శివరాత్రి రద్దీ లేని వారం చూసుకోండి. సారనాథ్‌కి ఒక పూట చాలు, ఊరి నుంచి పది కిలోమీటర్లే. నాలుగు సింహాల అశోక శీర్షం ఉన్న మ్యూజియానికి శుక్రవారం సెలవు.