నది పక్కన దారి కదా, చదునుగా ఉంటుందనుకోకండి

"పోర్చుగల్‌లోని పోర్టోకి చదువుకోవడానికి వచ్చి ఆరు నెలలైంది. నలుగురం కలిసి డౌరో నది వెంబడి సైకిళ్ల మీద నాలుగు రోజులు తిరుగుదామనుకుంటున్నాం. ఒకరు పూర్తి శాకాహారి. ట్రైన్‌లో సైకిల్ ఎక్కించనిస్తారా, రోజుకు 80 కిలోమీటర్లు కుదురుతుందా, కాగితాలు ఏమైనా కావాలా?"

వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ ఆ 80 పక్కన ఎక్కాల్సిన ఎత్తు ఎంతో కూడా రాసుకోండి, అప్పుడు ఆ అంకె మీరే కొట్టేస్తారు. నది పక్కన అనగానే మనకు గోదావరి గట్టు మీద తొక్కడం గుర్తొస్తుంది. ఇక్కడ నది కొండల్ని లోతుగా కోసుకుంటూ పారుతుంది, నీళ్లు ఎక్కడో కింద, ఊళ్లు పైన, రోడ్డేమో ఊళ్లను కలపడానికి వేసింది. కాబట్టి వాగు వచ్చిన ప్రతిచోటా కిందికి దిగుతుంది, దాటగానే మళ్లీ ఎక్కుతుంది, పది నిమిషాల్లో ఇంకో వాగు. పోర్టో నుంచి నది మీద పైకి రెగ్వా ఊరి దాకా ఉత్తరాన ఉన్న ఎన్ 108 రోడ్డయినా, దక్షిణాన ఉన్న ఎన్ 222 రోడ్డయినా ఇదే బాపతు. మ్యాప్‌లో చూస్తే నదిని ఆనుకునే ఉన్నట్టుంటాయి, అదొక మాయ. సామానుతో కొత్తవాళ్లయితే రోజుకు 40 నుంచి 50 కిలోమీటర్లు పెట్టుకోండి, ఎక్కే ఎత్తు 800 మీటర్లు దాటకుండా చూసుకోండి. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే సాయంత్రానికి నలుగురూ మాట్లాడుకోవడం మానేస్తారు.

ఈ దేశంలో కొండల మధ్య సుఖంగా తొక్కాలంటే రైలు వెళ్లిన దారి వెతకండి. రైలింజను నిటారుగా ఎక్కలేదు కదా, అందుకని ఆ రోజుల్లో పట్టాలు వేసినవాళ్లు నదినీ ఉపనదుల్నీ పట్టుకుని, కొండ అంచుల్ని చెక్కుకుంటూ, వాలు తక్కువ ఉండేలా లైను వేశారు. డౌరో లైను 1887లో స్పెయిన్ సరిహద్దు దగ్గర బార్కా దాల్వా దాకా చేరింది. ఆ తర్వాత తామెగ, కోర్గు, సబోర్ లాంటి ఉపనదుల వైపు చిన్న గేజ్ లైన్లు వెళ్లాయి. 1980ల తర్వాత చాలా లైన్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, పట్టాలు పీకేసిన చోట సైకిళ్లకూ నడకకూ దారులు వేశారు. వాటిని ఇక్కడ ఎకోపిస్తా అంటారు. కార్లు ఉండవు, పాత స్టేషన్లు, వంతెనలు, అక్కడక్కడా సొరంగాలు ఉంటాయి, అందుకే పగలైనా లైటు ఉండాలి.

నన్నడిగితే మొదటి ట్రిప్పుకు డౌరో వద్దు, దావ్ నది వైపు వెళ్లండి. శాంతా కోంబా దావ్ నుంచి విజేవు దాకా 49 కిలోమీటర్లు, మొత్తం నున్నటి తారు. దారి మూడు మునిసిపాలిటీల గుండా పోతుంది, ఒక్కోదానికి ఒక్కో రంగు వేశారు: శాంతా కోంబా దగ్గర నీలం, తొందేలాలో ఆకుపచ్చ, విజేవులో ఎరుపు. 1890లో మొదలై 1988లో ఆగిపోయిన రైలు దారి ఇది, 2011లో సైకిళ్లకు తెరిచారు. మీ కాళ్ల బలం ఎంతో, సామాను ఎంత ఎక్కువ మోస్తున్నారో ఇక్కడే తెలిసిపోతుంది. ఒక్క చిక్కు, శాంతా కోంబాకు వెళ్లే బైరా ఆల్టా రైలు మార్గంలో 2022లో మొదలైన పనులు ఏళ్ల తరబడి సాగాయి. బయలుదేరే ముందు మీ తేదీకి నిజంగా రైలే నడుస్తోందా, బదులు బస్సు వేశారా అని కనుక్కోండి, బస్సు అంటే సైకిళ్లకు చోటు ఉండదనే అనుకోండి. అది కుదరకపోతే అమరాంతె నుంచి ఆర్కు ద బావుల్యె దాకా తామెగ వెంబడి సుమారు 40 కిలోమీటర్ల దారి ఉంది. అమరాంతెకు ఇప్పుడు రైలు లేదు, డౌరో లైనులో లివ్రసావ్ స్టేషన్‌లో దిగి కాస్త రోడ్డు మీద తొక్కాలి.

ఇక డౌరోనే కావాలంటే పోర్టో నుంచి తొక్కకండి, రెగ్వా దాకా రైల్లో వెళ్లండి. రీజనల్ రైళ్లలో సైకిల్‌కు టికెట్ లేదు, చోటుంటే ఎక్కించుకుంటారు. ఆ "చోటుంటే" అన్న మాట దగ్గరే టెన్షన్ అంతా. నలుగురూ ఒకే రైలుకు, అదీ శనివారం పొద్దున, వెళితే కండక్టర్ మొహం మాడుతుంది. ఇద్దరిద్దరుగా వెళ్లండి, వారం మధ్యలో వెళ్లండి. రెగ్వా నుంచి పిన్యావ్ అనే ఊరి దాకా ఎన్ 222 మీద పాతిక కిలోమీటర్ల పైచిలుకు, నదిని పూర్తిగా ఆనుకుని దాదాపు చదునుగా పోతుంది. రెండు వైపులా మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, కొండంతా పలకరాయి, ఆ రాళ్లతోనే కట్టిన గోడలు. ఈ ప్రాంతానికి 1756లోనే హద్దులు గీసి, ఏ వైన్ ఇక్కడిదో తేల్చారు. 2001లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. దారిలో తోటల వాళ్లు వైన్ రుచి చూపిస్తామంటారు, బాగానే ఉంటుంది, కాకపోతే మద్యం పరిమితి సైకిల్ తొక్కేవాళ్లకూ వర్తిస్తుంది, ఆ మలుపుల్లో కార్లు కూడా వేగంగా వస్తాయి. తాగేది సాయంత్రానికి వాయిదా వేసుకోండి.

పిన్యావ్‌తో సుఖం అయిపోతుంది. స్టేషన్ గోడల మీద నీలి టైల్స్‌తో చేసిన ద్రాక్ష కోతల బొమ్మలు చూసి, మళ్లీ రైలెక్కండి. అక్కడి నుంచి పైకి నది పక్కన రైలు ఒక్కటే ఉంటుంది, రోడ్డు ఉండదు. ఎన్ 222 పట్టుకుంటే సావ్ జువావ్ ద పెష్కేర వైపు సుమారు 500 మీటర్ల ఎత్తు ఎక్కాలి. చాలామంది పిన్యావ్ నుంచి వెనక్కి వచ్చేస్తారు కానీ లోయలో అందమైన భాగం ఆ పైనే ఉందని నా లెక్క. రైలు చివరి స్టేషన్ పొసిన్యో, అక్కడి నుంచి బార్కా దాల్వా వరకు 1988లో మూసేశారు. పొసిన్యోలో దిగి కొండెక్కితే విలా నోవా ద ఫోష్ కోవా అనే ఊరు వస్తుంది. కోవా లోయలో రాళ్ల మీద రాతియుగపు గుర్రాలు, అడవి ఎద్దులు చెక్కి ఉన్నాయి. 1990లలో ఆనకట్ట కడితే మునిగిపోయేవి, పెద్ద గొడవ జరిగాక ఆనకట్ట పనే ఆపేశారు, 1998లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వాటి దగ్గరికి సైకిల్ మీద మీ అంతట మీరు వెళ్లలేరు, గైడ్‌తో జీపులో తీసుకెళతారు, ముందే బుక్ చేసుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి? ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో. లోపలి ప్రాంతం వాళ్లు తమ వాతావరణాన్ని తొమ్మిది నెలల చలికాలం, మూడు నెలల నరకం అని చెప్పుకుంటారు. జులై, ఆగస్టుల్లో ఆ లోయలో 40 డిగ్రీలు మామూలే. మాకు రెంటచింతల ఎండలు అలవాటే అంటారు మీరు, కానీ అక్కడ ఎండలో మీరు కొండ ఎక్కలేదు కదా. ఎండకంటే అసలు భయం అడవి మంటలు. 2017 జూన్‌లో పెద్రోగావ్ గ్రాందె అనే చోట మంటల్లో 66 మంది చనిపోయారు, చాలామంది రోడ్డు మీదే చిక్కుకుపోయారు. వాతావరణ సంస్థ ఐపీఎమ్ఏ రోజూ ఊరి వారీగా మంటల ప్రమాదం మ్యాప్ ఇస్తుంది, వేసవిలో అది చూడకుండా కదలకండి. ఎక్కడైనా పొగ కనిపిస్తే వీడియో తీస్తూ నిలబడకుండా వచ్చిన దారినే వెనక్కి తిరగండి.

తిండి. శాకాహారికి ఊళ్లలో కష్టమే, దాచేదేం లేదు. కూరగాయల సూప్ అన్నిచోట్లా దొరుకుతుంది, కానీ కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూప్‌లో సాసేజ్ ముక్క పడేస్తారు, బీన్స్ అన్నంలో పంది కొవ్వు ఉండొచ్చు. "సెం కార్న్, సెం పెష్" అంటే మాంసం వద్దు, చేప వద్దు అని. ఆ తర్వాత సాసేజ్ కూడా వద్దని విడిగా చెప్పాలి, వాళ్ల దృష్టిలో అది మాంసం లెక్కలోకి రాకపోవచ్చు. గుడ్డు తింటే చీజ్ ఆమ్లెట్, బ్రెడ్, సలాడ్‌తో రోజు గడిచిపోతుంది. అటుకులు, కందిపొడి, చిన్న డబ్బాలో పచ్చడి బ్యాగులో ఉంటే ఇంకే బాధా లేదు. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో చిన్న కొట్లు మూసేస్తారు, ఆదివారం కొన్ని ఊళ్లలో కాఫీ హోటల్ తప్ప ఏదీ తెరిచి ఉండదు, కాబట్టి సామాను ముందురోజే కొనుక్కోండి. హోటల్లో కూర్చోగానే అడగకుండానే బ్రెడ్, ఆలివ్ పళ్లు తెచ్చి పెడతారు. అవి ఉచితం కాదు, తింటే బిల్లులో వస్తాయి, అక్కర్లేకపోతే వెనక్కి పంపేయండి.

సైకిల్ విషయంలో బ్రాండ్ గురించి కొట్టుకోకండి. ముందు పళ్ల చక్రం చిన్నది, వెనక పెద్దది, అంటే బాగా తేలిక గేర్ ఉండాలి. బ్రేక్ ప్యాడ్లు కొత్తవి వేయించుకోండి, దిగేటప్పుడు పది కిలోమీటర్లు అదే పనిగా బ్రేక్ నొక్కాల్సి వస్తుంది. టైర్లు సన్నవి వద్దు, ఊళ్లలో వీధులన్నీ రాళ్లు పరిచినవే, వాన పడితే జారతాయి. నీలం బోర్డు మీద తెల్ల కారు బొమ్మ ఉన్న రోడ్డు మీదికి సైకిల్ వెళ్లకూడదు. 2014 నుంచి సైకిల్‌ను దాటే కారు మీటరున్నర దూరం వదలాలని చట్టం ఉంది, అందరూ పాటిస్తారని మాత్రం అనుకోకండి. మామూలు సైకిల్‌కు హెల్మెట్ తప్పనిసరి కాదు, అయినా పెట్టుకోండి.

ఆగస్టులోనే సెలవులుంటే గదులు చాలా ముందే బుక్ చేసుకోవాలి. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌లకు వలస వెళ్లిన పోర్చుగీసు వాళ్లంతా ఆ నెలలో సొంతూళ్లకు దిగుతారు, ఖాళీగా ఉండే ఊళ్లు జాతరలతో నిండిపోతాయి. వాళ్లూ ఎన్నారైలే మరి, కలిస్తే బోలెడు కబుర్లు చెబుతారు. ఊళ్లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాకపోయినా ఫ్రెంచ్ వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. ఎవరు ఎదురైనా ముందు "బోం దియ" అనండి, ఆ తర్వాతే దారి అడగండి.

కాగితాల సంగతి: రెసిడెన్స్ కార్డు అసలుది, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో చాలదు. కార్డు గడువు దాటి రిన్యూవల్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు మీలో ఉంటే బార్కా దాల్వా దగ్గర ఊరికే సరదాకైనా స్పెయిన్‌లోకి దిగకండి. సరిహద్దులో గేటు ఉండదు, కానీ అవతల పోలీసు ఆపితే ఇక్కడ ఇచ్చిన పొడిగింపు అక్కడ చెల్లుతుందని నమ్మకం లేదు. దెబ్బ తగిలితే 112కి, చిన్న జ్వరం, వాంతుల్లాంటివైతే ఆరోగ్య సలహా ఇచ్చే 808 24 24 24కి ఫోన్ చేయండి. లోయలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పొసిన్యో నుంచి పోర్టోకి రోజుకు కొన్ని రైళ్లే ఉంటాయి కాబట్టి చివరి రైలు మీద ఆధారపడకుండా దాని ముందుదానికే స్టేషన్‌లో ఉండేలా ప్లాన్ చేసుకోండి.