ముగ్గు లేని గడప

ప్రశ్న: మాది నిజాంపేటలో ఆరు ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంట్. సంక్రాంతికి భీమవరం వెళ్లి ఆరు రోజులుంటాం. వాచ్‌మన్ కూడా పండక్కి ఊరెళ్తాడు. కిందటేడు మా ఎదురు వీధిలో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డారు. అప్పట్నుంచి ఊరెళ్లాలంటేనే టెన్షన్. స్టేషన్‌లో చెప్పి వెళ్దామంటే మావారు ‘ఇల్లు ఖాళీ అని మనమే చాటుకున్నట్టవుతుంది’ అంటున్నారు. ఇంట్లో పది తులాల బంగారం ఉంది. వెంట తీసుకెళ్లాలా, ఇంట్లోనే దాచాలా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: అమ్మా, నేను క్రైమ్ టీమ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మీవారి అనుమానం సర్వీసులో ఉన్నన్నాళ్లూ వింటూనే ఉన్నాను. స్టేషన్‌లో తప్పకుండా చెప్పి వెళ్లండి. మీరు చెప్పకపోయినా ఖాళీగా ఉన్నానని ఇల్లే చెప్పేస్తుంది.

పండగ మూడు రోజులూ ప్రతి గుమ్మం ముందూ ముగ్గుంటుంది, మీ గుమ్మం ముందు ఉండదు. పగటిపూట ఎవడో ‘ఫ్లాట్ అద్దెకుందా’ అంటూ మెట్లెక్కి దిగితే చాలు, ఆ తేడా పట్టేస్తాడు. దానికి తోడు గొళ్లేనికి వేలాడే పెద్ద తాళంకప్ప, హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో రెండు రోజుల పాలప్యాకెట్లు, గుమ్మంలో పేపర్లు. పాలు, పేపరు ఆపించండి. బయటికి కనిపించని సెంట్రల్ లాక్ వేసుకోండి. ఊళ్లోనే ఉండే పక్కింటావిడ తన వాకిట్లో ముగ్గేసుకునేటప్పుడు మీ గడప ముందు కూడా నాలుగు గీతలు గీయమనండి. భోగినాడు, సంక్రాంతినాడు, కనుమనాడు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు, కానీ నేను వెళ్లిన దొంగతనం ఇళ్లు గుర్తు చేసుకుని చెబుతున్నాను.

స్టేషన్‌లో మీ అడ్రసు, వెళ్లే తేదీ, వచ్చే తేదీ, పక్కింటివాళ్ల నంబరు ఇవ్వండి. ఏటా సంక్రాంతికి పోలీసులే చెప్పి వెళ్లమని అడుగుతారు. రాత్రి బీట్ తిరిగేవాళ్లకు ఫలానా ఫ్లాట్ తాళం వేసి ఉందని తెలిస్తేనే కదా, అక్కడ ఆగి ఒక చూపు చూసేది. మీవారు భయపడాల్సింది వాట్సాప్ స్టేటస్ గురించి. మియాపూర్‌లో బస్సెక్కుతూ పెట్టే ఫొటో ఎంతమంది చూస్తారో మనకు తెలియదు. ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి.

ఇక బంగారం. బస్సులో వద్దు, బీరువాలో అసలే వద్దు. నేను చూసిన బీరువాల్లో చాలావాటిని పగలగొట్టలేదు, తాళంచెవితోనే తీశారు. చెవి ఎక్కడుంటుంది? బీరువా పైన, చీరల మడతల కింద, దేవుడి పటం వెనక. మనం దాచే చోట్లు వాళ్లకు కంఠతా వచ్చు. బ్యాంకు లాకర్లో పెట్టి వెళ్లండి. అదీ పూర్తి భరోసా కాదని తెలిసి ఉండండి: రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం చోరీ జరిగినా, సిబ్బంది మోసం చేసినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అయినా ఇంటికంటే నయం.

పెట్టేముందు ప్రతి నగనూ రెండువైపులా ఫొటో తీయండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఎల్‌బీనగర్ వైపు ఒక ఇంట్లో చోరీ జరిగితే వెళ్లాం. ఆ తల్లి చంద్రహారం పోయింది, వాళ్లమ్మ ఇచ్చింది. బిల్లు లేదు, ఫొటో లేదు. పెళ్లి ఆల్బమ్ ముందేసుకుని కూర్చుంటే పూలదండ కింద సగమే కనిపిస్తోంది. కొన్నాళ్లకు సొత్తు దొరికింది. ఒకే రకం హారాలు మూడు బల్లమీద పెట్టాం. ఆవిడ వేలితో కొక్కేలు తడుముతూ వచ్చి మూడోదాని దగ్గర ఆగిపోయింది. కొక్కెం తెగితే వాళ్లమ్మ వెండితీగతో చుట్టించిందట, ఆ చుట్టు అలాగే ఉంది. ఆవిడ ఏడుస్తుంటే మా ఎస్సై గారు తల పక్కకు తిప్పుకున్నారు. సొత్తు కోర్టు ద్వారా తిరిగి రావాలంటే ఇది నాదేనని చూపించగలగాలి. కొత్త నగలైతే వాటి మీద చెక్కిన, అక్షరాలు, అంకెలు కలిసి ఆరు ఉండే హాల్‌మార్క్ కోడ్ కూడా రాసి పెట్టుకోండి.

ఆరు ఫ్లాట్లవాళ్లూ కలిసి మెట్ల దగ్గర ఫోన్‌కు బొమ్మ పంపే కెమెరా ఒకటి పెట్టించండి. రికార్డు అయ్యే డబ్బాను టీవీ పక్కన పెట్టొద్దు, పోతూపోతూ దాన్నీ పట్టుకుపోతారు.

ఒకవేళ మీరు భీమవరంలో ఉండగా తలుపు తెరిచి ఉందని పక్కింటివాళ్లు చూస్తే, లోపలికి వెళ్లకుండా 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయమనండి. ఇల్లు సర్దొద్దు, బీరువా పిడి తాకొద్దు. క్లూస్ టీమ్‌కు వేలిముద్రలు దొరికేది అక్కడే. మీరు పరుగెత్తుకు రావక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం భీమవరంలో ఉన్న స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ వాచ్‌మన్ కూడా వెళ్తున్నాడన్న మాట. ఈ ఆదివారమే అందరూ కూర్చుని ఎవరు ఏ రోజు వెళ్తున్నారో, ఎవరు ఉంటున్నారో కాగితం మీద రాసుకోండి. ఆరుగురూ వెళ్లిపోయే రాత్రి ఒక్కటున్నా, ఆ తేదీ స్టేషన్‌లో విడిగా చెప్పండి.