కాంట్రాక్ట్ పోయింది చివర్లోనా, మొదట్లోనా? – బ్రిడ్జి ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే తగువు. కాంట్రాక్ట్ (ఇన్ని ట్రిక్కులు తెస్తామని చెప్పిన మాట, నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక ట్రిక్కు) పోయింది, తప్పెవరిది? అందరూ చివరి రెండు మూడు ట్రిక్కుల గురించే రాశారు. నేను మాత్రం జవాబు కోసం మొదటి ట్రిక్కు దగ్గరికో, అంతకంటే ముందు బిడ్డింగ్ (ఎన్ని తెస్తామో వంతులవారీగా పలకడం) దగ్గరికో వెళ్లాల్సి వచ్చింది. ముక్కలన్నీ వివరంగా రాసినవాళ్లకే వివరంగా జవాబు ఇవ్వగలిగాను, మిగతావాళ్లు కూడా దయచేసి అలాగే రాయండి.

ప్రశ్న: నా చేతిలో ఇస్పేటు ఆసు, రాణి, 4, ఆఠీను ఆసు, 8, 4, డైమండ్ రాజు, 6, 4, కళావరు రాజు, 9, 5, 2. ఒక నో ట్రంప్ (తురుపు లేని ఆట) చెప్పాను, పార్ట్‌నర్ నేరుగా మూడు నో ట్రంప్‌కి వెళ్లాడు. డమ్మీలో, అంటే బల్ల మీద పరిచిన పార్ట్‌నర్ చేతిలో, ఇస్పేటు రాజు, 7, 3. ఆఠీను 7, 2. డైమండ్ ఆసు, జాకీ, 10, 9, 2. కళావరు ఆసు, 6, 3. పడమర వైపు కూర్చున్న ప్రత్యర్థి ఆఠీను 6 లీడ్ చేశారు, తూర్పు రాణి వేశారు, నేను ఆసుతో పట్టాను. డైమండ్ రాజు ఆడి, తర్వాత చిన్న ముక్క వేసి డమ్మీ జాకీతో ఫినెస్ చేస్తే (రాణి పడమర దగ్గర ఉందనుకుని జాకీతోనే ట్రిక్కు ఆశిస్తే) తూర్పు దగ్గర రాణి ఉంది. ఆయన ఆఠీను తిప్పగానే వరసగా నాలుగు ట్రిక్కులు లాగేశారు. ఒకటి డౌన్, అంటే ఒక ట్రిక్కు తక్కువ. "ఏందన్నా ఇట్టా చేశావు, ఫినెస్ అవతలి వైపు చేసుంటే అయిపోయేది గదా" అని పార్ట్‌నర్ ఇప్పటికీ అంటున్నాడు. ఫినెస్ ఎటు చేయాలో ముందే తెలిసే మార్గం ఏమైనా ఉందా? – బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: ఉంది, కానీ మీ పార్ట్‌నర్ చెప్పింది మాత్రం కాదు. ఆయన నాలుగు చేతులూ చూశాక మాట్లాడుతున్నారు. రాణి పడమర దగ్గర ఉండి, మీరు ఆయన చెప్పినట్టు అవతలి వైపు ఫినెస్ చేసి ఉంటే అప్పుడూ ఇలాగే ఒకటి డౌన్ అయ్యేది, అప్పుడు ఆయన ఇంకో మాట అనేవారు.

డమ్మీ పరవగానే, ఇంకా ఒక్క ముక్క కూడా ఆడకముందే లెక్క వేసుకోండి. ఇస్పేటులో మూడు, ఆఠీనులో ఒకటి, డైమండ్‌లో రెండు, కళావరులో రెండు, మొత్తం ఎనిమిది ట్రిక్కులు చేతిలో ఉన్నాయి. మూడు నో ట్రంప్‌కి కావలసింది తొమ్మిది. డైమండ్ రాణికి ఒక ట్రిక్కు ఇచ్చేసినా ఆ సూట్‌లో మీకు నాలుగు వస్తాయి, అంటే పది. కాబట్టి ఈ చేతిలో డైమండ్ రాణి మీకు శత్రువే కాదు. భయమల్లా ఆఠీనుతోనే, అదీ పడమర దగ్గరున్న పొడవాటి ఆఠీనుతో.

అందుకని తూర్పు వేసిన రాణిని పోనివ్వాలి. ఆయన తిప్పి ఆఠీను 10 వేస్తారు, దాన్నీ పోనివ్వాలి. మూడోసారి ఆసుతో పట్టుకోవాలి. ఆ సూట్‌లో మీవీ డమ్మీవీ కలిపి ఐదు ముక్కలు, ఏడులోంచి ఐదు తీస్తే రెండు, రెండుసార్లు వదిలేయమని పాత ఆటగాళ్లు చెప్పే లెక్క ఇదే. ఇప్పుడు డైమండ్ రాజు ఆడి, మీరు చేసినట్టే జాకీతో ఫినెస్ చేయండి. రాణి పడమర దగ్గరుంటే ఫినెస్ నెగ్గుతుంది. తూర్పు దగ్గరుంటే ఆయన పడతారు, కానీ తిప్పడానికి ఆయన దగ్గర ఆఠీను ఉండదు. ఒకవేళ ఉంటే ఆ సూట్ నాలుగు, నాలుగుగా పంచుకుందని అర్థం. అప్పుడు మీకు పోయేవి ఆఠీనులో మూడు, డైమండ్‌లో ఒకటి, అంతే. ఎలా చూసినా తొమ్మిది దక్కుతాయి.

అంటే మీరు ఫినెస్ చేసిన వైపు సరైనదే! పొరపాటు మొదటి ట్రిక్కులో జరిగింది, ఆసు తొందరపడి బయటికి వచ్చింది.

ఇంకో సంగతి కూడా గమనించండి. పడమర ఆయన తన పొడవాటి సూట్‌లో పైనుంచి నాలుగో ముక్క లీడ్ చేస్తారనుకుంటే, పదకొండులోంచి ఆ 6 తీసేస్తే ఐదు. మిగిలిన మూడు చేతుల్లో 6 కంటే పెద్దవి ఐదే ఉన్నాయన్నమాట. డమ్మీలో 7 ఒకటి, మీ దగ్గర ఆసు, 8 రెండు, కాబట్టి తూర్పు దగ్గర రెండే. రాణి ఒకటి, తిప్పిన 10 రెండోది. ఇక రాజు, జాకీ, 9 అన్నీ పడమర దగ్గరే అని రెండో ట్రిక్కుకే మీకు తెలిసిపోతుంది. ఇంత సమాచారం బల్ల మీద ఉండగా మనం డైమండ్ రాణి ఎక్కడుందా అని టెన్షన్ పడుతుంటాం.

ప్రశ్న: టీమ్ మ్యాచ్‌లో మేము వల్నరబుల్ (గెలిచినా ఓడినా పాయింట్లు ఎక్కువ పడే స్థితి). పార్ట్‌నర్ ఒక ఇస్పేటు చెబితే నేను రెండుకి పెంచాను, ఆయన మూడు అని అడిగారు, నేను నాలుగుకి వెళ్లాను. నా చేతిలో ఇస్పేటు రాజుతో మూడు ముక్కలు, పక్కన డైమండ్ ఆసు, కళావరు జాకీ, ఆఠీను రెండే. తురుపు నాలుగు, ఒకటిగా పంచుకుని ఒకటి డౌన్ అయింది. అవతలి బల్ల మీద ఇవే ముక్కలతో మూడు దగ్గరే ఆగి చేసేశారు. మా టీమ్‌లో అందరూ నన్నే అన్నారు. – రిటైర్డ్ లెక్చరర్, కావలి

జవాబు: మాస్టారూ, మీరు చేసింది సరైన పని, వందసార్లు వచ్చినా అలాగే చేయండి.

లెక్క చూడండి. మీరు నాలుగు చెప్పి, చేసి, అవతలివాళ్లు మూడు దగ్గర ఆగి పది ట్రిక్కులు తెచ్చుకుంటే మీకు 620, వాళ్లకు 170. తేడా 450, అంటే 10 ఇంపులు (టీమ్ మ్యాచ్‌లో స్కోరు తేడాని మార్చి వేసే పాయింట్లు) మీకు. ఒకటి డౌన్ అయితే మీకు 100 నష్టం, వాళ్లకు 140, తేడా 240, అంటే 6 ఇంపులు పోతాయి. ఆరు పోగొట్టుకునే రిస్కుతో పది వస్తున్నాయంటే గేమ్ (పెద్ద బోనస్ ఉన్న కాంట్రాక్ట్, ఇక్కడ నాలుగు ఇస్పేటు) అయ్యే అవకాశం 37.5 శాతం దాటితే చాలు, చెప్పడమే లాభం. వల్నరబుల్ కాకపోతే ఇదే లెక్క 6కి 5గా మారుతుంది, అప్పుడు 45 శాతం దాకా కావాలి. పెయిర్స్ పోటీలో అయితే సగానికి సగం ఉండాలి, అక్కడ పది ఇంపులూ ఉండవు, ఆరు ఇంపులూ ఉండవు, ఎంతమందిని దాటారన్నదే లెక్క.

పెద్ద ముక్కలకి కట్టే విలువ ప్రకారం మీ దగ్గర ఎనిమిది పాయింట్లే, నిజమే, కానీ అవి మంచి పాయింట్లు. తురుపు రాజు, పక్క సూట్‌లో ఆసు, ఒక రెండు ముక్కల సూట్. ఇదే ఎనిమిదిని పొట్టి సూట్లలో రాణులు, జాకీలుగా పెట్టుకుని ఉంటే నేను పాస్ అనమనేవాణ్ని. మీవైపు ఎనిమిది తురుపులుంటే బయట ఐదు. అవి మూడు, రెండుగా పంచుకోవడం 68 శాతం, నాలుగు, ఒకటి 28 శాతం. ఆ 28 శాతం ఆ రోజు వచ్చింది, అంతే.

ఇదంతా బిడ్డింగ్‌లో ఎందుకు ఇంత ముఖ్యమంటే, కాంట్రాక్ట్ బ్రిడ్జిలో మనం చెప్పిన ట్రిక్కులే గేమ్‌కి లెక్కకొస్తాయి, చెప్పకుండా తెచ్చుకున్న పదో ట్రిక్కుకి 30 పాయింట్లే. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఓడ ప్రయాణంలో స్నేహితులతో కలిసి ఆడి చూసి ఖరారు చేసిన స్కోరు పద్ధతి అది. ధైర్యం చేసి చెప్పినవాడికి ప్రతిఫలం ఉండాలన్నది అందులోనే ఉంది. కందుకూరు పొగాకు వేలంలో పాడేవాళ్లు బేలు విప్పి ఆకు చూసి ధర చెబుతారు, మనకి పార్ట్‌నర్ బేలు కనిపించదు, ఆయన పలికిన మాట ఒక్కటే ఆధారం. ఆయన మూడు అన్నారంటే "నీ రెండులో పైభాగం ఉంటే వెళ్లు" అని అడిగారు, మీరు వెళ్లారు.

ప్రశ్న: పార్ట్‌నర్ చాలాసేపు ఆలోచించి పాస్ అన్నాడు. నేను తర్వాత బిడ్ చేస్తే అవతలివాళ్లు పోటీ నడిపే డైరెక్టర్‌ని పిలిచారు. ఇది మోసమా? – ఇంజనీరింగ్ విద్యార్థి, కందుకూరు

జవాబు: పిలవడం వాళ్ల హక్కు తమ్ముడూ, దాన్ని నేరారోపణగా తీసుకోవద్దు. ఆలోచించడం తప్పు కాదు. కానీ ఆ ఆలస్యం వల్ల ఆయన దగ్గర ఏదో ఉందని మీకు తెలిసిపోయింది, ఆ సమాచారం మీరు వాడుకోకూడదు. పాస్ అనడం కూడా సబబే అయిన చెయ్యి మీదైతే, ఆ ఆలస్యం బిడ్ చేయమని సూచిస్తుంటే, మీరు పాస్ అనాల్సిందే. ఎవరు చూసినా బిడ్ చేసే చెయ్యి అయితే నిర్భయంగా చేయండి, డైరెక్టర్ కూడా కాదనరు.

ప్రశ్న: తొమ్మిది తురుపులుండి రాణి లేకపోతే ఫినెస్ వద్దు, ఆసు, రాజు ఆడి పడగొట్టాలి అని నేర్చుకున్నాను. మొన్న మా వారు నాలుగు ఇస్పేటు ఆడుతూ, తొమ్మిది ఉన్నా ఫినెస్ చేసి నెగ్గారు. అదృష్టమా అని అడిగితే కాదంటారు, వివరించమంటే నవ్వుతారు. తూర్పు మొదట్లోనే మూడు ఆఠీను చెప్పారు. మాకిద్దరికీ కలిపి ఆఠీనులు నాలుగున్నాయి. – గృహిణి, నెల్లూరు

జవాబు: అమ్మా, అదృష్టం కాదు, మీ వారు బిడ్డింగ్ విన్నారు. జవాబు మీ ప్రశ్న చివరి రెండు వాక్యాల్లోనే ఉంది, మీరు గమనించారు కాబట్టే రాశారు కూడా.

మీరు నేర్చుకున్నది ఏమీ తెలియనప్పటి మాట. ఏమీ తెలియకపోతే రెండింటి మధ్య తేడా చాలా చిన్నది. ఎందుకో చూద్దాం. ఆసు ఆడారు, ఇద్దరూ చిన్న ముక్కలు వేశారు. చేతిలోంచి మళ్లీ చిన్నది ఆడారు, పడమర ఇంకో చిన్నది వేశారు. ఇప్పుడు బయట మిగిలింది రాణి ఒక్కటే. పడమర దగ్గర రెండు ముక్కలు చూశాం, కాబట్టి మనకు తెలియని ముక్కలు ఆయన దగ్గర పదకొండు. తూర్పు దగ్గర ఒకటే చూశాం, తెలియనివి పన్నెండు. రాణి ఆ ఇరవై మూడు చోట్లలో ఒకచోట ఉంది. పన్నెండుకి పదకొండు, అంటే తూర్పు వైపు 52 శాతం. అందుకే రాజు ఆడి పడగొట్టమంటారు. ఆ సామెత లాంటి నియమం మొత్తం ఈ రెండు శాతం మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు తూర్పు మూడు ఆఠీను చెప్పారు. ఆ బిడ్‌కి మామూలుగా ఏడు ముక్కలుంటాయి. మీ దగ్గర నాలుగు, ఆయన దగ్గర ఏడు, పడమర దగ్గర రెండు. లెక్క మళ్లీ వేయండి. తూర్పు పదమూడులో ఏడు ఆఠీనులు, ఒక ఇస్పేటు తెలుసు, తెలియనివి ఐదే. పడమర పదమూడులో రెండు ఆఠీనులు, రెండు ఇస్పేట్లు తెలుసు, తెలియనివి తొమ్మిది. తొమ్మిదికి ఐదు! రాణి పడమర దగ్గర ఉండే అవకాశం 64 శాతం దాటింది. పడమర మీదుగా ఫినెస్ చేయడమే సరి.

ఒకవేళ ఆ రోజు రాణి తూర్పు దగ్గరే ఉండి ఫినెస్ పోయి ఉన్నా మీ వారు చేసింది సరైనదే అయ్యేది. ఈ లెక్కకి పెద్ద చదువు అక్కర్లేదు, రెండు తీసివేతలు. కాకపోతే ఎదుటివాళ్ల బిడ్లు గుర్తుంచుకోవాలి, వాళ్లు చెప్పనివి కూడా. బిడ్డింగ్ తెరవడానికి సరిపడా పాయింట్లున్న ఆటగాడు మొదట్లో పాస్ అనడు గదా.

ప్రశ్న: వారానికి రెండు సాయంత్రాలు ఆడతాను, డబ్బు పెట్టను. అయినా మా నాన్న "పేకాట పేకాటే" అంటారు. ఏం చెప్పాలి? – రొయ్యల రైతు, ఇందుకూరుపేట

జవాబు: నాన్నగారి భయం ఊరికే రాలేదు, పేకాటలో పొలాలు పోయిన ఇళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. ఆయన్ని వాదించి ఓడించాలని చూడకండి, విషయం చెప్పండి.

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని చెబుతూ, అందులో ఉన్న అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదే అంది. అంటే నైపుణ్యానికి కొలబద్దగా కోర్టు బ్రిడ్జినే తీసుకుంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జి మొదటిసారి పెట్టినప్పుడు పురుషుల పెయిర్స్‌లో బంగారు పతకం మనకే వచ్చింది, ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ గెలిచారు. బర్ధన్ గారికి అప్పటికి అరవై ఏళ్లు.

నన్నడిగితే వీటన్నిటికంటే బలమైన మాట డూప్లికేట్ పద్ధతి. మీకు వచ్చిన ముక్కలే అవతలి బల్ల మీద మీలాగే కూర్చున్న ఇంకొకరికి వస్తాయి. మంచి చెయ్యి వచ్చిందని గెలవడం, చెడ్డది వచ్చిందని ఓడిపోవడం అక్కడ కుదరదు. నాన్నగారిని ఒక సాయంత్రం మీ వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టండి. డబ్బు మాత్రం ఎప్పటికీ పెట్టకండి, ఆ ఒక్క విషయంలో ఆయన మాటే నెగ్గాలి.

ప్రశ్న: నాలుగు నో ట్రంప్‌తో ఆసులు అడిగాను. పార్ట్‌నర్ ఐదు డైమండ్ అని ఒకటి చెప్పాడు. నాకు ఆఠీను ఒక్కటి కూడా లేదు, ఉన్న ఆసు ఆఠీనుదో, పనికొచ్చేదో తెలియక ఆరుకి వెళ్లి మునిగాను. – మార్కాపురం పాఠకుడు

జవాబు: ఒక సూట్ అసలే లేనప్పుడు బ్లాక్‌వుడ్ (నాలుగు నో ట్రంప్‌తో ఆసులు అడిగే పద్ధతి) అడగకూడదు. అది ఎన్ని ఆసులో చెబుతుంది, ఏ ఆసో చెప్పదు. ఆఠీను ఆసు మీకు దాదాపు వృథా, వేరేదైతే బంగారం. అలాంటి చేతులతో ఒక్కో సూట్‌లో బలం చెప్పుకుంటూ వెళ్లే క్యూ బిడ్లు వాడండి. ఎవరూ పలకని సూట్‌లో రెండు చిన్న ముక్కలున్నా అడగొద్దు, అక్కడ ఆసు, రాజు రెండూ అవతలివాళ్ల దగ్గరుంటే మొదటి రెండు ట్రిక్కుల్లోనే స్లామ్ (ఆరు, ఏడు దాకా వెళ్లిన కాంట్రాక్ట్) పోతుంది. అడిగే ముందు ఒక్కో జవాబుకి మీరేం చేస్తారో అనుకుని ఉండండి. ముఖ్యంగా కళావరు తురుపైతే జాగ్రత్త, ఒక ఆసు అని చెప్పే ఐదు డైమండ్ జవాబే మిమ్మల్ని ఐదు కళావరు దాటించేస్తుంది, ఇక ఆగడానికి చోటుండదు.