పాత్ర, అపాత్ర: ఒక యువ రచయితకు లేఖ

ధర్మాబాద్, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. బిలోలి వైపు సోయాబీన్ చేనును, కల్లంలో తడిసిన గింజ వాసనను తెలుగులో ఇంత దగ్గరగా రాసినవాళ్లు నాకు తారసపడలేదు. బళ్లో మరాఠీ చదివి, ఇంట్లో అమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకుని రాశావంటే ఇంకా ముచ్చటేసింది. ఒత్తులు అక్కడక్కడా తప్పాయి. దానికేం, దిద్దుకోవచ్చు.

నా పేచీ చివరి పేజీతో. నీ రైతు ఎలా చనిపోయాడో పేజీ నిండా రాశావు. ఆ పేజీ తీసెయ్. అదే ఆలోచనలో ఉన్నవాడు చదివితే నీ వివరం అతనికి దారి చూపిస్తుంది. పత్రికలు ఇలా రాయొద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లో చెప్పింది. అంతకుముందు పదేళ్లు నేను రాసింది సరిగ్గా అలాగే.

అప్పుడు ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. 'అప్పుల బాధతో రైతు ఆత్మహత్య' అన్న హెడ్డింగ్ ఎప్పుడూ సిద్ధంగా ఉండేది, పేరూ ఊరూ మారిస్తే చాలు. ఒకసారి వార్త పడిన వారానికి ఆ ఇంటికే మళ్లీ వెళ్లాను. ఆయన భార్యకు చదువు రాదు. చదివి వినిపించమంది. అంతా విని, "అప్పు రాసినవు. ఆర్నెల్లు నిద్ర లేక మంచం మీద కూసున్నడు, అది రాయలె" అంది. నాందేడ్ పెద్ద దవాఖానకు పోదామని ఆమె అంటే, "నేనేమన్న పిచ్చోణ్నా, కోత అయినంక చూద్దాం" అన్నాడట. ఇందులో ఒక్క ముక్క నా నోట్‌బుక్‌లో లేదు. నేను అడిగిందల్లా బ్యాంకు బాకీ ఎంత, సావుకారు బాకీ ఎంత అనే.

తర్వాత ఆ ఇంటి పరిహారం ఫైలు 'అపాత్ర' అని తిరిగొచ్చింది. ఈ లెక్క నీకూ తెలిసిందే. ఇంట్లో సాత్‌బారా, అంటే పొలం కాగితం, ఉండాలి, అప్పు బ్యాంకుదో సొసైటీదో లైసెన్సున్న సావుకారుదో కావాలి, పంట పోయి కట్టలేకపోయాడని తేలాలి. అప్పుడు పాత్ర, లక్ష రూపాయలు. ఆయన అప్పు ఒక తెల్ల చిట్టీ మీద ఉంది. మరాఠీలో పాత్ర అంటే అర్హుడు, మన తెలుగులో కథలో మనిషి. సర్కారు అపాత్ర అన్నవాళ్లను కథలోకి తెచ్చుకోవాలన్న పట్టుదల నాకు ఆ రోజు నుంచే.

సరిహద్దు దాటి తెలంగాణలో బాసర వైపు పోతే లెక్క వేరు. 2018 ఆగస్టు నుంచి అక్కడ రైతు బీమా ఉంది. రైతు ఏ కారణంతో పోయినా ఐదు లక్షలు. మన పల్లెలు కొన్ని మమ్మల్నీ తెలంగాణలో కలపండని అడిగాయంటే ఊరికే కాదు. ఆ డబ్బు కావలసిందే, నేను కాదనను. కానీ అటు ఐదు లక్షలైనా ఇటు లక్షైనా, శవం లేచాకే రాజకీయం వాకిట్లోకి వస్తోంది. చెక్కు ఇస్తే ఫొటో పడుతుంది. చావకుండా ఆగినవాడి పక్కన నిలబడి ఏమని ఫొటో తీయించుకుంటారు?

2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో పోయారని కేంద్రం లెక్క. అందులో మహారాష్ట్ర వాళ్లే 22,746, ఏ రాష్ట్రం కన్నా ఎక్కువ. దేశం మొత్తంలో వ్యవసాయం మీద బతికేవాళ్లు 11,290 మంది, వారిలోనూ రైతుల కన్నా కూలీలే ఎక్కువ, 6,083. కూలీకి సాత్‌బారా ఎక్కడిది? ఇల్లాళ్లు పాతిక వేలకు పైనే. వాళ్ల గురించి ఏ సభలోనూ ఒక్క మాట వినలేదు నేను. 2030కల్లా ఈ చావులను పది శాతం తగ్గిస్తామని కేంద్రం 2022 నవంబరులో ఒక విధానం ప్రకటించింది. మొన్నటి ఎన్నికల్లో మా వీధికొచ్చిన ఏ పార్టీ వాడికీ ఆ సంగతి తెలియదు. రుణమాఫీ మాత్రం అందరి నోటా ఉంది. శ్రీలంక చూడు, బాగా ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చి, 1995 తర్వాత రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటును డెబ్బై శాతం దాకా తగ్గించుకుంది. అక్కడేమీ అప్పులు మాయం కాలేదు.

ఇంకో మాట, ఇది భాష సంగతి. 'ఆత్మహత్యకు పాల్పడ్డాడు' అని రాశావు. మనం దొంగతనానికి పాల్పడతాం, మోసానికి పాల్పడతాం. ప్రయత్నించి బతికినవాణ్ని ఒకప్పుడు చట్టం నేరస్తుడనే అంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం, అతను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలంది. 2024 జులైలో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో ఆ పాత సెక్షనే లేదు. మన క్రియాపదం మాత్రం ఇంకా పోలీస్ స్టేషన్‌లోనే ఉంది.

కథను ఆర్నెల్ల ముందు మొదలుపెట్టు. నిద్రపట్టని రాత్రులు రాయి. భార్య ఎవరెవరిని అడిగిందో, ఆశా కార్యకర్త ఎందుకు రాలేదో, పురుగుమందులు అమ్మే కృషి సేవా కేంద్రం వాడు అతని మొహం చూసి ఏమనుకున్నాడో రాయి. ఎవరో ఒకరు ఆ రాత్రి అతని పక్కన కూర్చున్నారనుకో, తెల్లవారింది, బాకీ అలాగే ఉంది, అతనూ ఉన్నాడు. సుఖాంతం కాదిది. రాయడానికి దానికన్నా కష్టం.

చివరగా అడగాలో వద్దో అని ఇంత దూరం నెట్టుకొచ్చాను. నీ ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో "ఈమధ్య నాకూ నిద్ర పట్టడం లేదన్నా" అని రాశావు. అది కథ గురించా, నీ గురించా? చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఇలా సూటిగా అడిగానని ఏమీ అనుకోకు. ఆ ఇంట్లో ఆయన్ను ఈ మాట ఎవరూ అడగలేదు. ఉత్తరం అందగానే ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే. నేను ఎత్తకపోతే సర్కారు హెల్ప్‌లైన్ 14416కి చెయ్, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆదివారం బస్సెక్కి వచ్చెయ్. కథ తేకపోయినా పర్లేదు. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఉంటాను.

మీ అన్న