పెద్దవాళ్లతో స్విట్జర్లాండ్ వెళ్తే ఏ కొండ ఎక్కాలి? నన్నడిగితే పొట్టిదే

"అమ్మానాన్నలు మొదటిసారి వస్తున్నారు, ఒక్క కొండకి వెళ్లే టైమే ఉంది, కేబుల్ కారులో వెళ్లగలిగేవాటిలో బాగా ఎత్తైనది చెప్పండి" అని అడిగారు. ఎత్తైనదే ఎందుకండీ? నేను ఎనిమిదేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్నాను, ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా ఆల్ప్స్ చూపించే డ్యూటీ నాదే. మీరు చేయబోతున్న తప్పు నేను ఒకసారి డబ్బులు పోసి మరీ చేశాను.

మా అమ్మానాన్నలు వచ్చిన జూన్‌లో సంగతి. ఆ శిఖరం పేరు చెప్పను, మూడు వేల మీటర్లు దాటుతుందని మాత్రం చెప్తాను. కౌంటర్ దగ్గర నిలబడి ముగ్గురికీ టికెట్లు తీశాను, ఒక్కో మనిషికీ అయిన ఖర్చు రూపాయల్లో చెప్తే అమ్మ ఎక్కనంటుందని నాన్న, నేను ముందే కూడబలుక్కున్నాం. కౌంటర్ పైన టీవీ ఒకటి మొత్తం తెల్లగా వెలుగుతోంది. చెడిపోయిందేమో అనుకున్నాను. టికెట్లు ఇచ్చినాయన కూడా ఏమీ అనలేదు. పైకి వెళ్లాక తెలిసింది, ఆ టీవీకి ఏ రోగమూ లేదు, శిఖరం మీద కెమెరాకి కనిపిస్తున్నదే చూపిస్తోంది.

మధ్యలో రెండుసార్లు పెట్టెలు మారాలి. స్తంభం దాటినప్పుడల్లా పెట్టె ఒక్కసారి ముందుకి ఊగి కడుపులో తిప్పుతుంది చూడండి, మొదటి స్తంభానికే అమ్మ కడ్డీ పట్టుకుని "గోవిందా గోవిందా" అని గట్టిగా అనేసింది, రెండో స్తంభం వచ్చేసరికి పక్కనున్న కొరియా పిల్లలు కూడా "గోవిందా" అన్నారు. అక్కడివరకు బాగుంది. పైన దిగితే చేయి చాపితే చేయి కనపడదు. చెవులు దిబ్బళ్లు, తల దిమ్ము, నాలుగు మెట్లు ఎక్కేసరికి ఆయాసం. ఇది వయసు వల్ల అనుకోకండి, మూడున్నర వేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంటుంది, నడిచి ఎక్కితే ఒంటికి అలవాటు పడే టైము ఉంటుంది గానీ కేబుల్ కారు అరగంటలో తీసుకెళ్లి పడేస్తుంది. బీపీ, గుండె సమస్యలుంటే ముందు డాక్టర్ని అడగండి, ఇందులో మొహమాటం వద్దు.

నాన్న పది నిమిషాలు ఆ తెలుపులోకి చూసి, "ఏరా, మన లంబసింగిలో ఇది ఊరికే చూపిస్తారు కదరా" అన్నారు. కాఫీ తాగి దిగిపోయాం. కాఫీ ధర కూడా చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం ఇంటర్‌లాకెన్ అనే స్విస్ ఊళ్లో ఊరికే తిరుగుతూ పక్కనున్న హార్డర్ కుల్మ్ అనే కొండ ఎక్కాం. ఎత్తు 1,322 మీటర్లు, అంతే. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్ నుంచి ఆరే నది దాటి కొంచెం నడిస్తే ఫ్యూనిక్యులర్, అంటే తాడుతో కొండ మీదకి లాగే పట్టాల బండి, ఉంటుంది, 1908 నుంచి నడుస్తోంది, పది నిమిషాల్లో పైన దింపుతుంది. మెట్లమెట్లుగా కట్టిన పెట్టె, కొండకి ఆనించిన నిచ్చెన లాంటి ఒకటే పట్టాల దారి. సగం దూరం వెళ్లాక అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. "ఒరేయ్, ఎదురుగా ఇంకోటి వస్తోందిరా!" నిజంగానే అదే దారిలో ఇంకో పెట్టె మా మీదకి దిగుతోంది. సరిగ్గా మధ్యలో దారి రెండుగా చీలింది, అది పక్కనుంచి జారిపోయింది.

నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, నాకంటే ముందే ఆయనకి అర్థమైంది. "నూతి గిలకే! ఒక చేద పైకొస్తుంటే ఇంకోటి దిగుద్ది. దిగేదాని బరువే ఎక్కేదాన్ని లాగుద్ది, మోటారుకి మిగిలిన తేడానే." ఆ తర్వాత ఇంకో అనుమానం, అక్కడ పట్టాలు మార్చే కీలు కనపడలేదు కదా, మరి ఏ పెట్టె ఎటు వెళ్లాలో దానికెలా తెలుస్తుంది? రాత్రి హోటల్లో వెతికి చూపించాను. ఇలాంటి బళ్లలో ఒక పెట్టెకి ఒక వైపు చక్రాలకి రెండు పక్కలా అంచులుంటాయి, అవి పట్టాని పట్టుకుని వదలవు, రెండో వైపు చక్రాలు అంచుల్లేకుండా రోలర్లలా ఉంటాయి. ఎదుటి పెట్టెకి ఇదే తారుమారు. అందుకని ఎప్పుడూ ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. ఆబ్ట్ అనే స్విస్ ఇంజనీరు 19వ శతాబ్దంలోనే కనిపెట్టాడు. నాన్న ఆ బొమ్మ చూస్తూ అన్నం చల్లారబెట్టారు.

ఇక వ్యూ సంగతి. పైన గాల్లోకి పొడుచుకొచ్చిన చిన్న వంతెన ఉంది, దాని మీద నిలబడితే ఒక పక్క తూన్ సరస్సు, ఇంకో పక్క బ్రియెంజ్ సరస్సు, మధ్యలో ఊరు, ఎదురుగా ఐగర్, మ్యోన్ష్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు వరసగా. హిమానీనదాలు అరగదీసిన రాతిపిండి కలవడం వల్ల బ్రియెంజ్ నీళ్లు నీలం కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంటాయి. అసలు కిటుకు ఇదేనండీ, ఎత్తైన కొండ మీద నిలబడితే ఆ కొండే కనపడదు, ఎదురుగా ఉన్న పొట్టి కొండ ఎక్కితేనే కనపడుతుంది. ఈ మాట ట్రావెల్ ఏజెంట్లు ఎవరూ చెప్పరు. మనవాళ్లు కూడా తక్కువేం కాదు, టిట్లిస్ అనే మంచుకొండ ఎక్కి అక్కడున్న షారూఖ్, కాజోల్ కటౌట్ పక్కన ఫొటో దిగి, వెనక్కి తిరిగి మంచు వైపు చూడకుండా దిగిపోయే బ్యాచ్‌ని కళ్లారా చూశాను. ఒక్కరోజులో రెండు శిఖరాలు పెట్టుకునేవాళ్లతో నేను మాట్లాడను.

అయినా ఎత్తే కావాలంటే ఆపను, యుంగ్‌ఫ్రావ్‌యోహ్ ఉంది, 3,454 మీటర్లు, అది కేబుల్ కారు కాదు, 1912 నాటి పళ్లచక్రాల రైలు. కానీ టికెట్ ముందురోజే కొనకండి. పెద్ద శిఖరాల మీద లైవ్ కెమెరాలుంటాయి, పొద్దున లేవగానే ఫోన్లో చూడండి, తెల్లగా ఉంటే అది మీ ఫోన్ తప్పు కాదు. హార్డర్ కుల్మ్ బండి చలికాలంలో కొన్నాళ్లు నడవదు, అదొకటి గుర్తుంచుకోండి. స్వెటర్లు జూన్‌లో కూడా కావాలి, అమ్మ చీర మీద నా జాకెట్ వేసుకుని దిగింది. దిగేటప్పుడు కింది వైపు ముందు సీటు ఆవిడే పట్టింది, ఎదురు పెట్టె దగ్గరకొచ్చేసరికి అందులోవాళ్లకి చెయ్యి కూడా ఊపింది.