పెంపకపు పందుల్లో హెపటైటిస్-ఈ ఎంత సాధారణం?

చాలా సాధారణం. కాలేయానికి జబ్బు తెచ్చే ఈ వైరస్ సోకని మంద దొరకడమే అరుదు. పందుల్లో ఈ వైరస్‌ను 1997లో అమెరికాలో గుర్తించారు; తర్వాత వెతికిన దాదాపు ప్రతి దేశంలోనూ కనిపించింది. 2013లో బ్రిటన్ కబేళాల్లో పరీక్షించిన పందుల్లో నూటికి 93 వాటి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయి. ఈ అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. యాంటీబాడీ ఉందంటే ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే అర్థం. కోసే సమయానికి రక్తంలో వైరస్ ఉన్నవి నూటికి ఆరు.

ఈ తేడా వయసు వల్ల వచ్చింది. తల్లి పాలతో అందిన రక్షణ తగ్గిపోయాక, సాధారణంగా రెండు నుంచి నాలుగు నెలల వయసులో పంది పిల్లలకు సోకుతుంది. మలం ద్వారా కొట్టమంతా పాకుతుంది. పందికి జ్వరం రాదు, మేత మానదు. పెంచేవారికి అనుమానమే కలగదు. ఆరు నెలలకు కోసేసరికి చాలావాటికి తగ్గిపోయి ఉంటుంది.

మనిషికి ముప్పు ప్రధానంగా సరిగా ఉడకని మాంసంతో, అందులోనూ కాలేయంతో. ఫ్రాన్స్‌లోని కోర్సికాలో పంది కాలేయంతో చేసే ఫిగటెల్లు సాసేజ్‌ను పచ్చిగా తిని జబ్బుపడ్డవారున్నారు. మన దేశంలో కలుషిత నీటితో మనుషులకు వచ్చే హెపటైటిస్-ఈ వేరే జన్యురకం; దానికి పందులను నిందించలేం.