సబ్ కాంట్రాక్టరు ఎవరి మనిషి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి అందులో తొమ్మిది చోట్ల కనిపించిన ‘సబ్ కాంట్రాక్టరు’ అనే ఒక్క మాట కోసం. తొమ్మిదింటిలో సరిగ్గా పడినవి రెండే. ఇల్లు కడుతున్న చోట కనిపించిన ప్రతి ఒక్కరికీ ఆ పేరు తగిలించావు: రోజుకూలికి వచ్చిన తాపీ మేస్త్రీకి, సిమెంటు దించి వెళ్లిన వ్యాపారికి, చివరికి యజమాని తానే పిలిచి రేటు మాట్లాడుకున్న రంగులాయనకు కూడా.

కూలికి వచ్చినవాడు కార్మికుడు. సరుకు అమ్మినవాడు సరఫరాదారు. యజమానితో నేరుగా పని ఒప్పుకున్న రంగులాయన, పని ఎంత చిన్నదైనా, కాంట్రాక్టరే. మొత్తం పని ఒప్పుకున్న కాంట్రాక్టరు దగ్గర అందులో ఒక భాగం తీసుకుని, తన మనుషులతో, తన బాధ్యత మీద చేసిపెట్టేవాడు సబ్ కాంట్రాక్టరు. నీ కథలో అలాంటివాడు వైరింగ్ మనిషి ఒక్కడే. ఎవరి చేతిలో ఏ పనిముట్టు ఉందని కాదు, ఎవరు ఎవరికి మాట ఇచ్చారని చూడాలి.

‘సబ్’ లాటిన్ ముక్క, ‘కింద’ అని అర్థం. నువ్వు దాన్ని హోదా అనుకున్నావు. అందుకే పాపం ఆ వైరింగ్ మనిషికి చిరుగుల చొక్కా తొడిగావు. లిఫ్టులు అమర్చే కంపెనీయో, పునాది కోసం నేలలోకి లోతుగా పైల్స్ అనే స్తంభాలు దించే కంపెనీయో తనకు పని ఇచ్చిన కాంట్రాక్టరు కంటే ఎంతో పెద్దదై ఉండవచ్చు. అయినా ఆ పనిలో అది సబ్ కాంట్రాక్టరే. ఒకచోట కాంట్రాక్టరుగా ఉన్నవాడే అదే రోజు ఇంకోచోట మరొకరి కింద సబ్ కాంట్రాక్టరుగా ఉండవచ్చు. మన ‘ఉప’లోనూ ఈ తిరకాసు ఉంది. ఉపాధ్యక్షుడిలో అది హోదా. ఉపనదిలో కాదు. ఉపనది నీళ్లు పెద్ద నదిలో కలిసి, దాని పేరు మీదే సముద్రం చేరతాయి. సబ్ కాంట్రాక్టరు పని యజమానికి చేరేదీ అలాగే.

పత్రికల్లో ‘ఉప గుత్తేదారు’ అని చదివి ఉంటావు. వార్తలో ఒప్పుతుంది. సంభాషణలో మాత్రం పెట్టకు. పని జరిగే చోట ‘వైరింగ్ సబ్ కాంట్రాక్టుకు ఇచ్చేశాం’ అంటారే తప్ప గుత్తలూ ఉపగుత్తలూ ఎవరి నోటా రావు.

ఇక నాలుగో పేజీ. వైర్లు కాలాయి, యజమాని వచ్చి వైరింగ్ మనిషి కాలరు పట్టుకున్నాడు. కోపంలో ఎవరినైనా పట్టుకుంటారు, సరే. కాంట్రాక్టరు ‘తప్పు నాది కాదు, అతనిది’ అనగానే అందరూ తలూపి ఇళ్లకు వెళ్లిపోవడం ఏమిటి? అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య ఫిడిక్ 1999లో తెచ్చిన నిర్మాణ ఒప్పంద నమూనాలో, సబ్ కాంట్రాక్టరు చేసిన తప్పు కాంట్రాక్టరు తానే చేసినట్టు లెక్క. పని మొత్తాన్ని సబ్ కాంట్రాక్టుకు ఇచ్చేయడానికీ అందులో వీలులేదు. యజమాని నిలదీయవలసింది కాంట్రాక్టరునే. కాంట్రాక్టరు ఆ తర్వాత తన సబ్ కాంట్రాక్టరుతో తేల్చుకుంటాడు. నీ కథలో ఇద్దరి మధ్య జరగవలసిన ఆ రెండో గొడవే లేదు.

డబ్బు సంగతికి వస్తే ఇదే దారి ఎదురు తిరుగుతుంది. ఇది నేను పడి నేర్చుకున్నది. కుర్రతనంలో ఒక పెద్దమనిషి దగ్గర అనువాదం పని తీసుకున్నాను. ఆయన దాన్ని ఒక ప్రచురణ సంస్థ దగ్గర తీసుకున్నాడు. పుస్తకం అచ్చయింది, నా డబ్బు రాలేదు. అడిగినప్పుడల్లా ‘పైనుంచి బిల్లు రాగానే ఇస్తాను’ అనేవాడు. విసిగి ప్రచురణ సంస్థకే ఉత్తరం రాశాను. మీకూ మాకూ ఒప్పందం లేదని మర్యాదగా జవాబు వచ్చింది. నా వాక్యాలు వాళ్ల పుస్తకంలో ఉన్నాయి, నేను మాత్రం వాళ్లకు ఎవరినీ కాను! నేను సబ్ కాంట్రాక్టరునని ఆ రోజు తెలిసింది. ‘పైనుంచి వస్తే ఇస్తాను’ అనే షరతు ఎంతమందిని ముంచిందంటే, బ్రిటన్ 1996 నాటి చట్టంతో నిర్మాణ ఒప్పందాల్లో అది చెల్లదని తేల్చవలసి వచ్చింది, పైవాడు దివాలా తీసిన సందర్భంలో తప్ప. నీ వైరింగ్ మనిషి ఆ మాట ఒక్కసారైనా వినాలి. తాను వెలిగించిన ఇంటి ముందు నిలబడి, ఆ ఇంటాయనను డబ్బు అడగలేకపోవాలి. చిరుగుల చొక్కా చేయలేని పని అది చేస్తుంది.

నాలుగో పేజీని నన్నే సరిచేసి పంపమన్నావు. 1872 నాటి భారత ఒప్పంద చట్టం 40వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన మాటను సమర్థుడైన మరొకరి చేత నెరవేర్పించవచ్చు. అయితే స్వయంగా చేయాలన్నదే ఇద్దరి ఉద్దేశమైన చోట అది కుదరదు. దానికి చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ, చిత్రం గీసిస్తానని మాట ఇచ్చినవాడు. కాబట్టి ఆ పేజీ నీదే. రాసి పంపు, చూస్తాను. మేస్త్రీ మాటలు మాత్రం ముట్టుకోకు, బాగా కుదిరాయి.